వీసా మీద ఆ ఒక్క ముక్క: మనకు లేనిదేమిటి, మనదేమిటి

ఈ నెల పాఠం రాజకీయం గురించి. "పనికొచ్చినోళ్ళం, రాజకీయం మనకెందుకు?" అనుకోకండి. మీ వీసా షరతుల్లో ఒక వాక్యం ఉంటుంది: నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్. అంటే ప్రభుత్వ సహాయ నిధుల్లోంచి మీరు డబ్బు అడగకూడదు అని. ఈ ఒక్క ముక్క మనవాళ్ళ మనసులో ఎంత పెద్దదైపోయిందంటే, సైట్ మీద చెయ్యి విరిగినా సిక్ పే అడగరు. పిల్లకు జ్వరమొచ్చినా జీపీ దగ్గర పేరు రాయించరు. మూడు నెలల జీతం ఎగ్గొట్టినా "ఫిర్యాదు చేస్తే వీసా పోతుందేమో" అని నోరు మూసుకుంటారు.

ఆ భయంలో సగం నిజం, సగం అబద్ధం. నిజమైన సగాన్ని లెక్కలో పెట్టుకోవాలి, ఎందుకంటే తీసుకోకూడని బెనిఫిట్ తీసుకుంటే నిజంగానే వీసా చిక్కుల్లో పడుతుంది. అబద్ధమైన సగాన్ని వదిలించుకోవాలి, ఎందుకంటే దానివల్ల లాభపడేది మన జీతం ఎగ్గొట్టే యజమాని ఒక్కడే. ఈ రెండింటినీ వేరు చేసి చూడాలంటే 2010 నుంచి ఈ దేశంలో ఏం జరిగిందో కొంచెం తెలియాలి. అక్కడి నుంచే మొదలుపెడదాం.

1. పొదుపు అన్నారు, కోత పెట్టారు

2008లో బ్యాంకులు కూలాయి. బ్రిటన్ ప్రభుత్వం జనం డబ్బు పోసి వాటిని నిలబెట్టింది. పన్నుల రాబడి పడిపోయింది, ప్రభుత్వం అప్పు పెరిగింది. 2010 మే ఎన్నికల తర్వాత కన్సర్వేటివ్, లిబరల్ డెమోక్రాట్ పార్టీలు కలిసి ప్రభుత్వం పెట్టాయి. ప్రధాని డేవిడ్ కామెరాన్, ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్. ఇంట్లో అప్పు పెరిగితే ఖర్చు తగ్గించుకోవాలి కదా, దేశమైనా అంతే అన్నది వాళ్ళ వాదన. ఈ విధానానికి ఆస్టెరిటీ అని పేరు. తెలుగులో పొదుపు అనొచ్చు గానీ, పొదుపు అంటే మన డబ్బు మనం దాచుకోవడం. ఇక్కడ జరిగింది అప్పు ఒకరిదైతే ఇంకొకరి కంచంలో కోత పెట్టడం. అందుకని ఈ పాఠంలో కోత అనే అందాం.

ముఖ్యమైన కోతలు ఇవీ:

2011 జనవరి: వ్యాట్ 17.5 శాతం నుంచి 20 శాతానికి పెరిగింది. దుకాణంలో కొనే ప్రతివాడూ కట్టే పన్ను ఇది. వీసా చూసి ఎవరికీ తగ్గించరు.

2013 ఏప్రిల్: కౌన్సిల్ ఇంట్లోనో హౌసింగ్ అసోసియేషన్ ఇంట్లోనో ఒక గది ఎక్కువుంటే అద్దె సాయంలో 14 శాతం, రెండు ఎక్కువుంటే 25 శాతం కోత. జనం దీన్నే బెడ్‌రూమ్ టాక్స్ అన్నారు. ఒక కుటుంబానికి అన్నీ కలిపి ఇంతకు మించి సాయం రాకూడదు అనే పరిమితి కూడా ఆ నెలలోనే మొదలైంది.

2016 ఏప్రిల్: పనిచేసే వయసువాళ్ళకు వచ్చే చాలా బెనిఫిట్లు నాలుగేళ్ళపాటు పెరగకుండా ఆపేశారు. ధరలు మాత్రం ఆగలేదు.

2017 ఏప్రిల్: ఆ తర్వాత పుట్టిన మూడో బిడ్డ నుంచి అదనపు సాయం లేదన్నారు. దీన్ని ఎత్తేస్తామని 2025 నవంబర్ బడ్జెట్‌లో ప్రకటించారు.

వీటితోపాటు ఆరు రకాల సాయాలను కలిపి యూనివర్సల్ క్రెడిట్ అనే ఒక్క పద్ధతి తెచ్చారు. దరఖాస్తు పెట్టాక మొదటి డబ్బు చేతికి రావడానికి ఐదు వారాలు పడుతుంది. చేతిలో పైసా లేనివాడికి ఐదు వారాలంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంగ్లండ్‌లో కౌన్సిళ్ళకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే డబ్బు 2010 తర్వాత ఏడేళ్ళలో, ధరల పెరుగుదల తీసేసి చూస్తే, దాదాపు సగానికి పడిపోయింది. లైబ్రరీలు, యువకుల కేంద్రాలు, సలహా కేంద్రాలు మూతపడ్డాయి. ట్రస్సెల్ ట్రస్ట్ అనే సంస్థ ఫుడ్ బ్యాంకుల నుంచి 2010-11లో సుమారు 61 వేల అత్యవసర పొట్లాలు వెళ్తే, 2019-20లో 19 లక్షలు వెళ్ళాయి. 2018 నవంబర్‌లో ఐక్యరాజ్యసమితి తరఫున ఫిలిప్ ఆల్‌స్టన్ అనే నిపుణుడు ఈ దేశంలో రెండు వారాలు తిరిగి చూశారు. ప్రపంచంలో ఐదో పెద్ద ఆర్థిక వ్యవస్థలో కోటీ 40 లక్షల మంది పేదరికంలో ఉన్నారని, ఇది తప్పనిసరై వచ్చింది కాదు, ప్రభుత్వం ఎంచుకున్న దారి అని నివేదికలో రాశారు.

ఇంకోవైపు కూడా చెప్పుకోవాలి. బెనిఫిట్లు ఆపేస్తామన్న 2015 జులై బడ్జెట్‌లోనే ఆస్బోర్న్ నేషనల్ లివింగ్ వేజ్ కూడా ప్రకటించారు. 2016 ఏప్రిల్ నుంచి 25 ఏళ్ళు దాటినవాళ్ళకు గంటకు 7.20 పౌండ్లు. ఒక చేత్తో సాయం తగ్గించి, ఇంకో చేత్తో యజమానుల చేత జీతం పెంచించారన్నమాట. ఈ రెండో ముక్క మనకు చాలా ముఖ్యం. ఎందుకంటే సాయం మనకు రాదు గానీ, కనీస వేతనం మనకూ వస్తుంది.

2. బెనిఫిట్ తీసుకోని మనకూ తగిలిన కోతలు

"ఇవన్నీ ఇక్కడి తెల్లవాళ్ళ గోల, మనం బెనిఫిట్లే తీసుకోం కదా" అంటారేమో. ఆగండి. అదే రోజుల్లో మూడు దెబ్బలు నేరుగా మనలాంటి వాళ్ళకే తగిలాయి.

మొదటిది, లాయర్ ఖర్చు. డబ్బు లేనివాడికి ప్రభుత్వమే లాయర్ ఖర్చు పెట్టే ఏర్పాటును లీగల్ ఎయిడ్ అంటారు. 2013 ఏప్రిల్ నుంచి జీతం బకాయిల లాంటి ఉద్యోగ తగాదాల్లో చాలావాటికి, శరణార్థులు కానివాళ్ళ వీసా కేసుల్లో చాలావాటికి దాన్ని తీసేశారు. వివక్ష కేసుల్లాంటివి కొన్నే మిగిలాయి.

రెండోది, ట్రిబ్యునల్ ఫీజు. జీతం ఎగ్గొట్టినా, అన్యాయంగా తీసేసినా ఉద్యోగ ట్రిబ్యునల్‌కు వెళ్ళడం అంతకుముందు ఉచితం. 2013 జులైలో ఫీజు పెట్టారు. మామూలు జీతం కేసుకు 390 పౌండ్లు, పెద్ద కేసుకు 1,200 పౌండ్లు. మూడొందల పౌండ్ల బకాయి కోసం 390 ఎవరు కడతారు? కేసులు మూడింట రెండు వంతులు పడిపోయాయి. యునిసన్ అనే కార్మిక సంఘం దీనిమీద కోర్టుకెళ్ళి నాలుగేళ్ళు పోరాడింది. 2017 జులై 26న సుప్రీంకోర్టు ఆ ఫీజు చట్టవిరుద్ధం అని కొట్టేసింది. జనం కోర్టు గడప తొక్కలేనప్పుడు చట్టం ఉండీ లేనట్టే అన్నది ఆ తీర్పు సారం. కట్టినవాళ్ళకు ఫీజు వాపసు ఇచ్చారు. ఈ రోజు మీరు ట్రిబ్యునల్‌కు ఉచితంగా వెళ్ళగలుగుతున్నారంటే ఒక సంఘం నెల చందాలతో నడిపిన కేసు వల్ల.

మూడోది, ఇంటిపని చేసే అక్కచెల్లెళ్ళది. కువైట్, ఖతార్, సౌదీ యజమానుల వెంట లండన్ వచ్చే మనవాళ్ళు ఓవర్సీస్ డొమెస్టిక్ వర్కర్ వీసా మీద వస్తారు. 2012 ఏప్రిల్‌కు ముందు ఈ వీసా మీద వచ్చినవాళ్ళు యజమాని మంచివాడు కాకపోతే ఇంకో ఇంట్లో పని చూసుకోవచ్చు, వీసా పొడిగించుకోవచ్చు, ఐదేళ్ళకు స్థిరపడే అవకాశం కూడా ఉండేది. వలసల సంఖ్యను ఏడాదికి పదుల వేల స్థాయికి దించుతామన్న మాట కోసం అప్పటి హోం మంత్రి థెరిసా మే ఆ హక్కులు తీసేశారు. ఆరు నెలలే వీసా, వచ్చిన యజమాని దగ్గరే పని. గల్ఫ్‌లో కఫీల్ చేతిలో ఎలా ఉంటామో, లండన్ నడిబొడ్డులో అలాగే అయింది. గోల జరిగాక ప్రభుత్వం ఒక సమీక్ష వేయించింది. యజమానిని మార్చుకునే హక్కు ఇవ్వాలి, వీసా పొడిగింపు కూడా ఇవ్వాలి అని ఆ సమీక్ష చెప్పింది. ప్రభుత్వం మొదటి సగమే తీసుకుంది. 2016 ఏప్రిల్ నుంచి యజమానిని మార్చుకోవచ్చు, కానీ ఆ ఆరు నెలల్లోపే.

3. అత్త మీద కోపం దుత్త మీద

ఆరేళ్ళు కోతలు పడ్డాక జనంలో కోపం పేరుకుంది. ఆస్పత్రిలో క్యూ పెరిగింది, ఇళ్ళు దొరకవు, పిల్లలకు దగ్గర బడిలో సీటు లేదు. దీనికి కారణం ఎవరు? బడ్జెట్ కోసినవాళ్ళా, పక్కింట్లోకి కొత్తగా వచ్చిన పోలండ్, రుమేనియా కుటుంబమా? బడ్జెట్ కాగితం ఎవరికీ కనిపించదు, పక్కింటివాడు కనిపిస్తాడు. రాజకీయ నాయకులు కూడా వేలు అటే చూపించారు.

2016 ఫిబ్రవరిలో కామెరాన్ యూరోపియన్ యూనియన్‌తో ఒక ఒప్పందం కుదుర్చుకున్నారు. అందులో పెద్ద అంశం ఏమిటంటే, యూరప్ నుంచి కొత్తగా వచ్చి పనిచేసేవాళ్ళకు నాలుగేళ్ళదాకా బెనిఫిట్లు పరిమితం చేయడం. అంటే బ్రెగ్జిట్ చర్చ మొదలవడమే బెనిఫిట్లు ఎవరికి అన్న ప్రశ్నతో మొదలైంది. లీవ్ పక్షం బస్సు మీద వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కు పంపుతున్నాం, వాటిని ఎన్‌హెచ్‌ఎస్‌కు పెడదాం అన్న అర్థంలో రాయించింది. బ్రిటన్‌కు ముందే తగ్గించి, తిరిగి వచ్చే డబ్బు లెక్క అందులో లేదు. గణాంకాల సంస్థ అది తప్పుదోవ అని చెప్పినా బస్సు తిరుగుతూనే ఉంది.

మన భారతీయ, బంగ్లాదేశీ వీధులకు వచ్చి ఇంకో మాట చెప్పారు. యూరప్ వాళ్ళు వీసా లేకుండా వస్తున్నారు, మీవాళ్ళకు మాత్రం వీసా కష్టం, ఇది అన్యాయం, యూరప్ నుంచి బయటికొస్తే మీ హోటళ్ళకు వంటవాళ్ళను తెచ్చుకోవచ్చు అని. చాలామంది నమ్మారు.

2016 జూన్ 23న ఓటింగ్. బయటికి వెళ్దాం అన్నవాళ్ళు 51.9 శాతం, ఉందాం అన్నవాళ్ళు 48.1 శాతం. కామెరాన్ రాజీనామా, థెరిసా మే ప్రధాని. 2019 జులైలో ఆమె స్థానంలో బోరిస్ జాన్సన్. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికొచ్చింది. ఆ ఏడాది డిసెంబర్ 31తో యూరప్ వాళ్ళ స్వేచ్ఛా రాకపోకలు ముగిశాయి.

మరి మనకు ఏం ఒరిగింది? నిజం చెప్పుకుందాం. 2021 తర్వాత భారతీయులకు వీసాలు బాగా పెరిగాయి. చదువుకు, నైపుణ్య పనులకు, 2022 ఫిబ్రవరి నుంచి కేర్ పనికి మనవాళ్ళు చాలామంది వచ్చారు. మీలో కొందరు అలా వచ్చినవాళ్ళే. కానీ వీసాలు పెరిగాయి, హక్కులు పెరగలేదు. స్పాన్సర్ ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవాలి. కేర్ పనివాళ్ళు కొత్తగా భార్యాపిల్లల్ని తెచ్చుకోవడం 2024 మార్చిలో ఆపేశారు, విదేశాల నుంచి కేర్ పనివాళ్ళను తీసుకోవడమే 2025 జులైలో ఆపేశారు. తలుపు తీసేదీ వాళ్ళే, మూసేదీ వాళ్ళే.

ఆరోగ్య సర్‌చార్జి చూడండి. 2015లో మొదలైనప్పుడు మనిషికి ఏడాదికి 200 పౌండ్లు. 2019లో 400, 2020లో 624, 2024 ఫిబ్రవరి నుంచి 1,035. పిల్లలకు 776. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు మూడేళ్ళ వీసాకు 10,866 పౌండ్లు ముందే కట్టాలి, వీసా ఫీజు కాకుండా. కేర్ వీసా వాళ్ళకు ఇది లేదు. మిగతా స్పాన్సర్ వీసాల వాళ్ళకు ఉంది. ఆపైన జీతంలోంచి పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ అందరిలాగే కోస్తారు. "వీళ్ళు వచ్చి మన డబ్బు తింటున్నారు" అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

ఇక యూరప్ నుంచి కొత్తగా వచ్చేవాళ్ళకూ ఇప్పుడు మనలాగే వీసా కావాలి, వాళ్ళ వీసా మీదా మామూలుగా అదే వాక్యం ఉంటుంది. మన హక్కులు వాళ్ళ స్థాయికి రాలేదు, వాళ్ళవే మన స్థాయికి దిగాయి.

4. ప్రధానికే తెలియని చట్టం

2020 మే 27. కరోనా రోజులు. పార్లమెంటు కమిటీ ముందు బోరిస్ జాన్సన్ కూర్చున్నారు. ఈస్ట్ హామ్ ఎంపీ స్టీఫెన్ టిమ్స్ తన నియోజకవర్గంలో ఒక కుటుంబం సంగతి చెప్పారు. చట్టబద్ధంగా ఉంటూ, పన్ను కడుతూ, పని ఆగిపోయి, పబ్లిక్ ఫండ్స్ షరతు వల్ల ఏ సాయమూ అందని కుటుంబం. జాన్సన్ ఆశ్చర్యపోయారు. వాళ్ళకు యూనివర్సల్ క్రెడిట్ ఎందుకు రాదు అని ఎదురు అడిగారు. షరతు గురించి టిమ్స్ వివరించాల్సి వచ్చింది. అలాంటి కుటుంబాలకు ఏదో ఒక సాయం ఉండాలి అన్న అర్థంలో ప్రధాని మాట్లాడారు, కానీ షరతు అలాగే ఉండిపోయింది.

దీన్నుంచి మనం నేర్చుకోవలసింది ఏమిటంటే, ఈ షరతు గురించి దేశాన్ని ఏలేవాళ్ళకే సరిగ్గా తెలియదు. కౌన్సిల్ కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళకూ, మీ మేనేజర్‌కూ, మీ రూమ్మేట్‌కూ తెలియకపోవచ్చు. "నీకు రాదు" అని ఎవరైనా అంటే, ఏ చట్టం ప్రకారం రాదో అడగండి.

ఆ కరోనా రోజుల్లోనే ఇంకో సంగతి బయటపడింది. పని ఆగిన కార్మికులకు జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్ల దాకా, ప్రభుత్వం యజమాని ద్వారా ఇచ్చిన ఫర్లో పథకం పబ్లిక్ ఫండ్స్ కిందకు రాలేదు. వీసా మీద ఉన్నవాళ్ళూ తీసుకున్నారు. ఎవరికి రాలేదు? పే స్లిప్ లేనివాళ్ళకు, జీతం చేతికి నగదుగా తీసుకున్నవాళ్ళకు. వాళ్ళను ఆపింది వీసా కాదు, కాగితం లేకపోవడం.

5. ఇప్పుడు అసలు లెక్క

మనవాళ్ళు పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం వేసినట్టు అన్నింటినీ పబ్లిక్ ఫండ్స్ అనేస్తారు. చట్టం అలా అనదు. ఆ పేరు కింద ఏవి వస్తాయో జాబితా ఉంది. జాబితాలో లేనిది పబ్లిక్ ఫండ్స్ కాదు.

ఆ షరతు ఉన్నవాళ్ళు తీసుకోకూడనివి: యూనివర్సల్ క్రెడిట్, హౌసింగ్ బెనిఫిట్, చైల్డ్ బెనిఫిట్, కౌన్సిల్ టాక్స్ తగ్గింపు సాయం, వైకల్యానికి ఇచ్చే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్, పెన్షన్ క్రెడిట్, కౌన్సిల్ ఇల్లు, ఇల్లు లేనివాళ్ళకు కౌన్సిల్ ఇచ్చే వసతి. "మా ఫ్రెండ్ చైల్డ్ బెనిఫిట్ తీసుకుంటున్నాడు, ఏం కాలేదు" అన్న మాట వినకండి. వీసా పొడిగింపు రోజున అది బయటికొస్తుంది. మీ భర్తో భార్యో బ్రిటిష్ పౌరులైతే నియమాలు వేరు, దరఖాస్తుకు ముందే సలహా తీసుకోండి.

పబ్లిక్ ఫండ్స్ కానివి, మీరు అడగగలిగినవి:

జీతం, కనీస వేతనం. 2026 ఏప్రిల్ నుంచి 21 ఏళ్ళు దాటినవాళ్ళకు గంటకు 12.71 పౌండ్లు.

హాలిడే పే. ఏడాదికి 5.6 వారాలు, అంటే వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్ళకు 28 రోజులు. ఈ హక్కు యూరప్ చట్టం నుంచి 1998లో వచ్చింది. బ్రెగ్జిట్‌తో పోతుందని కొందరు మేనేజర్లు చెప్తారు. పోలేదు.

సిక్ పే. 2026 ఏప్రిల్ నుంచి జబ్బుపడ్డ మొదటి రోజు నుంచే లెక్క. ప్రసూతి జీతం కూడా ఇలాంటిదే. ఇవి యజమాని ఇచ్చేవి.

స్టేట్ పెన్షన్. పదేళ్ళ నేషనల్ ఇన్సూరెన్స్ ఉంటే కొంత వస్తుంది. అందుకే పే స్లిప్‌లో ఆ కోత కనిపించాలి. కోశామని చెప్పి కట్టని యజమాని మీ ముసలితనం అన్నం తింటున్నట్టు.

వైద్యం. జీపీ దగ్గర పేరు రాయించుకోవడం అందరికీ ఉచితం. ఇంగ్లండ్‌లో చిరునామా కాగితం, వీసా చూపించకపోయినా నమోదు చేసుకోవాలి. ఏ అండ్ ఈలో అక్కడికక్కడ చేసే అత్యవసర వైద్యం కూడా ఉచితం. తర్వాత ఆస్పత్రిలో చేర్చుకుంటే మాత్రం, సర్‌చార్జి కట్టనివాళ్ళకు, మినహాయింపు లేనివాళ్ళకు బిల్లు రావచ్చు.

పిల్లల బడి. ప్రభుత్వ బడి పబ్లిక్ ఫండ్స్ కాదు. ఇంగ్లండ్‌లో మొదటి మూడు తరగతుల పిల్లలందరికీ, లండన్ ప్రభుత్వ ప్రైమరీ బళ్ళలో పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం ఉచితం. పెద్ద పిల్లలకైనా మీ ఆదాయం తక్కువైతే బడి ఆఫీసులో అడగండి.

ఫుడ్ బ్యాంకు. అది దాతలు నడిపేది, వీసాతో సంబంధం లేదు. సిగ్గుపడకండి.

పిల్లలున్న కుటుంబం రోడ్డున పడే స్థితి వస్తే, 1989 పిల్లల చట్టం 17వ సెక్షన్ కింద కౌన్సిల్ ఆ పిల్లల అవసరం చూడాలి. ఇదీ పబ్లిక్ ఫండ్స్ కాదు. కానీ కౌన్సిళ్ళు డబ్బు లేక వెనక్కి పంపే ప్రయత్నం చేస్తాయి కాబట్టి ఒంటరిగా వెళ్ళకండి, సలహా సంస్థవాళ్ళను వెంటబెట్టుకెళ్ళండి.

6. సైట్ అన్నలకు, ఇంటిపని అక్కలకు

సైట్ మీద పనిచేసే అన్నలారా, మిమ్మల్ని ఉద్యోగిగా రాశారా, సెల్ఫ్ ఎంప్లాయిడ్‌గా రాశారా అన్నది ముందు చూసుకోండి. డబ్బులోంచి 20 శాతమో 30 శాతమో కోసి ఇస్తున్నారంటే కన్‌స్ట్రక్షన్ ఇండస్ట్రీ స్కీమ్ కింద సొంత పనివాడిగా రాశారన్నమాట. అప్పుడు సిక్ పే, హాలిడే పే లేవంటారు. కానీ పొద్దున ఎన్నింటికి రావాలో, ఏ గోడ కట్టాలో, ఎప్పుడు వెళ్ళాలో మేస్త్రీయే చెప్తుంటే, మీ బదులు వేరేవాణ్ణి పంపే వీల్లేకపోతే, కాగితం ఏమన్నా చట్టం మిమ్మల్ని వర్కర్‌గా చూడొచ్చు. స్పాన్సర్ వీసా వాళ్ళను, విద్యార్థులను ఇలా రాస్తే వీసాకే చిక్కు, సంతకం పెట్టకముందే అడగండి. పనిచేసిన గంటలు రోజూ మీ ఫోన్‌లో రాసుకోండి, సైట్ బోర్డు ఫొటో తీసుకోండి.

ఇంటిపని చేసే అక్కలారా, "నువ్వు మా ఇంటి మనిషివి" అన్న తియ్యటి మాట జాగ్రత్త. ఇంట్లో మనిషిలా చూసుకునేవాళ్ళకు కనీస వేతనం ఇవ్వక్కర్లేదన్న ఒక మినహాయింపు చట్టంలో చాలాకాలం ఉండేది. 2024 ఏప్రిల్ 1న దాన్ని తీసేశారు. ఇప్పుడు మీకూ గంట లెక్కే. హాలిడే పే, విశ్రాంతి సమయం మీకూ ఉన్నాయి. వారానికి 48 గంటల పరిమితి మాత్రం ఇళ్ళల్లో పనికి వర్తించదు. ఇది అన్యాయమే, మార్చాలని సంఘాలు అడుగుతున్నాయి. మీ పాస్‌పోర్ట్ మీది, యజమాని దాచుకునే హక్కు లేదు.

గెలవలేమని అనుకోకండి. బీహార్ నుంచి ఇంటిపనికి తీసుకొచ్చిన ఒక ఆదివాసీ మహిళ నాలుగున్నరేళ్ళు రోజుకు 18 గంటలు, వారంలో ఏడు రోజులూ పనిచేసింది. లెక్కేస్తే గంటకు 11 పెన్నీలు పడింది. నేల మీద పరుపులో పడుకునేది. 2015లో ఇంగ్లండ్‌లోని ఉద్యోగ ట్రిబ్యునల్ ఆమెకు జీతం బకాయి కింద 1,83,774 పౌండ్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆమె కేసులోనే పై ట్రిబ్యునల్, కులం పేరుతో చేసే వివక్ష కూడా జాతి వివక్ష చట్టం కిందకు రావొచ్చని చెప్పింది. ఊరు దాటినా కులం వదలని మనకు ఇది గుర్తుండాలి.

గడువు మర్చిపోకండి. ట్రిబ్యునల్‌కు వెళ్ళాలంటే అన్యాయం జరిగిన రోజు నుంచి మూడు నెలలకు ఒక రోజు తక్కువలోపే ఆకాస్‌కు చెప్పాలి. 2025 డిసెంబర్‌లో వచ్చిన కొత్త చట్టంలో దీన్ని ఆరు నెలలకు పెంచే ఏర్పాటు ఉంది. మీ కేసుకు ఏది వర్తిస్తుందో అడిగి తెలుసుకునేదాకా మూడు నెలలే అనుకుని కదలండి. ఆకాస్ ఫోన్ 0300 123 1100, ఉచిత సలహా. కట్టిపడేసి పనిచేయిస్తుంటే మోడరన్ స్లేవరీ హెల్ప్‌లైన్ 08000 121 700. లండన్‌లో ఇంటిపనివాళ్ళ కోసం కలయాన్ అనే సంస్థ 1987 నుంచి పనిచేస్తోంది. వీసా గడువు దాటిపోయినవాళ్ళు, పనిచేసే అనుమతి లేనివాళ్ళు ప్రభుత్వ ఆఫీసుకు వెళ్ళేముందు ఇలాంటి సంస్థతో మాట్లాడండి, సమాచారం హోం ఆఫీసుకు చేరే ప్రమాదం ఉంటుంది.

7. సాయం లేదు గానీ ఓటుంది

చివరిగా, చాలామంది మనవాళ్ళకు తెలియని సంగతి. భారత పౌరులు కామన్వెల్త్ పౌరులు. చట్టబద్ధంగా ఇక్కడ నివాసం ఉంటున్న, 18 ఏళ్ళు నిండిన భారతీయుడికి బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంది. కౌన్సిల్ ఎన్నికల్లోనూ ఉంది. బ్రిటిష్ పౌరసత్వం అక్కర్లేదు. 2016 బ్రెగ్జిట్ ఓటింగ్‌లోనూ ఉండింది. ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్న పోలండ్ మేస్త్రీకి ఆ రోజు ఓటు లేదు, తన బతుకు మీదే ఓటింగ్ అయినా. నిన్న వచ్చిన మనకు ఉంది. మనలో ఎంతమంది వేశాం?

నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్‌తో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఐదు నిమిషాల్లో పేరు నమోదు చేసుకోవచ్చు. బూత్‌లో ఫొటో గుర్తింపు అడుగుతారు, భారత పాస్‌పోర్ట్ చెల్లుతుంది. నమోదు చేసుకోవడం పబ్లిక్ ఫండ్స్ వాడుకోవడం కాదు, వీసా షరతు దాటడం కాదు. వేతనం ఎంత, సర్‌చార్జి ఎంత, ఇంటిపనివాళ్ళ వీసా ఎన్నాళ్ళు అన్నవి నిర్ణయించేది ఆ పార్లమెంటే. ఊళ్ళో సర్పంచ్ ఎన్నికకు రైలెక్కి వెళ్ళేవాళ్ళం, ఇక్కడ వీధి చివర బూత్‌కు వెళ్ళలేమా?

గుర్తుంచుకోవలసినవి

ఆ వాక్యం కొన్ని బెనిఫిట్లకే, మీ కష్టార్జితానికి కాదు.
జాబితాలో ఉన్నది ముట్టుకోవద్దు, లేనిది వదులుకోవద్దు.
పే స్లిప్ లేని జీతం ఆపదలో అక్కరకు రాదు.
మూడు నెలల గడువు. ఆకాస్‌కు ముందు ఫోన్.
ఓటు నమోదు ఈ వారమే.

కలిసి చదివేవాళ్ళు చర్చించుకోవడానికి

మీ రూములో ఎవరైనా "వీసా పోతుంది" అన్న భయంతో వదులుకున్న డబ్బు ఏదైనా ఉందా? అది పై రెండు జాబితాల్లో దేనిలోకి వస్తుంది?
ట్రిబ్యునల్ ఫీజును కొట్టేయించింది ఒంటరి కార్మికుడా, సంఘమా? మీ సైట్‌లో సంఘం ఉందా?
బడ్జెట్ కోసినవాళ్ళ మీద పోవలసిన కోపం పక్కింటి వలస కార్మికుడి మీదకు ఎలా మళ్ళింది? ఈ మాటలే రేపు మన మీద అంటే మనం ఏమని జవాబు చెప్తాం?